కోసు ఆకులో తివసం

మా కొట్టులో కాయలు రెండు పక్కలుగా ఉంటాయి. ఎడమ పక్క నాటు కాయలు: అరటికాయ, కాకరకాయ, పొట్లకాయ, గుమ్మడి, చేమదుంప, గోరుచిక్కుడు. కుడి పక్క ఇంగ్లీషు కాయలు: క్యారెట్టు, బీట్‌రూటు, బీన్సు, కోసు. కోసంటే క్యాబేజీ. చింతాద్రిపేటలో మా వీధిలో అందరూ కోసనే అంటారు.

అమావాస్య వచ్చినా, ఎవరింట్లోనైనా తివసం వచ్చినా, జనం ఎడమ పక్కకే వస్తారు. తివసమంటే పోయినవాళ్ళకు ఏడాదికోసారి ఆకు వేసి అన్నం పెట్టే రోజు. ఆ రోజు ఇంగ్లీషు కాయ పొయ్యి ఎక్కకూడదు. "తెల్లోళ్ళు తెచ్చిన కాయ మన పెద్దోళ్ళ నోటికి తెలీదు, పెడితే ఆకు ముందు కూర్చోకుండానే లేసి పోతారు" అని మా అత్త చెప్పేది. నేను సరే అన్నాను. కాదనడానికి నాకేం తెలుసు? బడికి పోయిందాన్ని కాదు. పలక మీద ధర అంకెలు వేయడం వరకే నా చదువు. ఇదంతా కూడా నేను నోటితో చెబుతుంటే పక్కింటి పిల్ల రాస్తోంది.

అమావాస్య సాయంత్రానికి ఎడమ పక్క తుడిచినట్టు ఖాళీ అయ్యేది. కుడి పక్క పోసింది పోసినట్టే ఉండేది. మా ఆయన ఆ మిగిలిన కోసు గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. "అమ్ముడుపోయేది ఊరికి, మిగిలేది మనకి. వండు" అనేవాడు. వండేదాన్ని.

ఆయన పోయి ఏడాది కావస్తోందనగా ఇంట్లో గొడవ మొదలైంది. ఆకు ఎవరు వేయాలి?

ఆయన పోయినప్పుడు మా అమ్మాయి ఫ్రాన్సులో ఉంది. మాకు అదొక్కతే. మురికినీళ్ళు శుభ్రం చేసే చదువు చదువుతోంది. కంపు కొట్టే కూవం ఏటి ఒడ్డున పుట్టి, ముక్కు మూసుకుని బడికి పోయిన పిల్ల ఇంకేం చదువుతుంది? ఆ దేశంవాళ్ళే ఖర్చు పెట్టుకుని పిలిచారు. అది వెళ్ళి ఆ చలికి ఒళ్ళు అలవాటు పడకముందే, దీపావళి వచ్చే ఐప్పసి నెల వానల్లో, ఈయన కోయంబేడు మార్కెట్టు నుంచి తెచ్చిన మూటలు దించుతూ దించుతూ కూర్చున్నాడు. లేవలేదు. వాన విడవడం లేదు, వీధిలో నీళ్ళు, కరెంటు లేదు. శవాన్ని ఉంచుకోవడానికి వీల్లేకపోయింది. పిల్ల విమానం ఎక్కేలోపే మా బావగారి కొడుకు కొరివి పెట్టాడు. అది వచ్చేసరికి ఆయన చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. ఆ చొక్కా పట్టుకుని నాతో ఒక్కటే మాట అంది.

"నా చేత ఏమీ చేయించుకోకుండా పోయినాడు మా."

ఆ మాట నాలో దిగిపోయింది. తివసం ఆకు దీని చేతే వేయించాలని అప్పుడే అనుకున్నాను. మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. మొదటి తివసానికి ఎవరి చేతి మీద ఆకు పడితే, ఆ తరవాత ఏటా వాళ్ళదే ఆకు. మధ్యలో మార్చరు. అంటే ఈ ఒక్క రోజు తప్పితే నా కూతురికి వాళ్ళ నాయన మళ్ళీ దొరకడు.

మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, మేడ మీద ఉంటారు. మనలి ఫ్యాక్టరీలో జన్మంతా పనిచేసి రిటైరైన మనిషి. సైరన్ మోతకు లేచి, సైరన్ మోతకు తిని, ఇప్పుడు సైరన్ లేకపోయినా అదే టైముకు ఆకలేసే మనిషి. చెడ్డవారని నేనను. కానీ ఆయన మాట గోడకు కొట్టిన మేకు.

"ఆడపిల్ల, అందులో సముద్రం అవతల ఉండే పిల్ల. ఆకు నా కొడుకేస్తాడు. కొరివి పెట్టినోడు వాడే కదా" అన్నారు.

"కొరివికి అది ఈడ లేదు బావా. ఇప్పుడు ఆడనే వేస్తానంటాంది. కన్నకూతురు గదా."

"ఆడ యాడ? ఆడ ఏముండాది? అరిటాకు ఉండాదా? అరటికాయ ఉండాదా?"

ఫోను తీసి పిల్లకు కలిపాను. అది తొణకలేదు.

"పారిస్‌లో శ్రీలంక తమిళోళ్ళ అంగళ్ళు ఉండాయి పెద్దనాయనా. అరిటాకు, అరటికాయ, కాకరకాయ, అన్నీ దొరకతాయి. ముందురోజు ట్రైన్లో పోయి తెచ్చుకుంటా."

బావగారు కాసేపు ఆలోచించారు. ఆలోచించారంటే ఒప్పుకుంటున్నారని కాదు, గట్టి మెలిక వెతుకుతున్నారని.

"సరి. వెయ్యి. అయితే ఈడెట్లనో ఆడా అట్లనే. అరటికాయ ఉండాల. ఇంగ్లీషు కాయ వాసన తగలకూడదు. పొద్దు నడినెత్తికి వొచ్చేతలికి ఆకు పడాల. పడలేదా, ఈడ నా కొడుకు వేసేస్తాడు. ఇంక ఏటా వాడే. మళ్ళా నన్నేమీ అనకూడదు, తల్లీ కూతురూ."

"అనం" అంది మా అమ్మాయి. నేను నోరు తెరవలేదు. నాకు అప్పటికే భయం పట్టుకుంది. ఎందుకంటే పిల్ల ఉండే ఊరి సంత నేను చూశాను.

ఫోనులోనే చూశాను. అక్కడికి వెళ్ళిన కొత్తలో అది పెద్ద కొట్టుకే పోయేది. ప్లాస్టిక్కు చుట్టిన కాయలు, మనిషన్నవాడు లేని బిల్లు పెట్టె. వాళ్ళ నాయన కర్మలయ్యాక తిరిగి వెళ్ళి, గదిలో ఉండలేక ఆదివారాలు కాళ్ళు ఎటు పోతే అటు తిరిగేది. అట్లా తిరుగుతుంటే ఒక చర్చి ముందర మైదానంలో సంత కనబడిందట. పొద్దున్నే గుడారాలు వేస్తారు, మధ్యాహ్నానికి ఎత్తేసి నేల కడిగేస్తారు. ఒక ముసలామె బల్ల మీద ఆకుకూర పరిచి, గిన్నెలో నీళ్ళు తీసుకుని వేళ్ళతో చిలకరిస్తోందట. అచ్చం నేను చిలకరించినట్టు. మా పిల్ల అక్కడే నిలబడి ఏడ్చింది. ముసలామె ఏమీ అడగకుండా ఒక కూర కట్ట దాని చేతిలో పెట్టిందట. గదికి పోయి నోట్లో వేసుకుంటే పులుపు. మన చుక్కకూర పులుపు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోను ముందు జేబులో పెట్టుకుని నాకు సంత చూపించేది. నేను కొట్టులో కూర్చుని చూసేదాన్ని.

"ఏమే, ఆ క్యారెట్టుకి ఆకు కొయ్యకుండా పెట్టినారే?"

"ఈడ అట్లనే మా. ఆకు చూస్తే తాజా అని తెలుస్తుంది."

"బేరం ఆడరా?"

"ఆడరు."

"మరి అంతసేపు ఏం మాట్లాడుకుంటారు?"

"ఈ దుంప ఎట్ల వండాల, ఆ కాయ ఎంతసేపు ఉడకాల అని. వెనక లైన్లో ఉండేవాళ్ళు కూడా వింటా నిలబడతారు, తిట్టరు."

"మన వీధిలో అయితే తక్కెడ తీసుకుని నెత్తిన కొట్టేవాళ్ళు."

నవ్వుకునేవాళ్ళం. కానీ బావగారు మెలిక పెట్టిన రోజు నుంచి ఆ సంతను వేరే కళ్ళతో చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా క్యారెట్టు, బీట్‌రూటు, కోసు, మళ్ళీ కోసు, ముడతల కోసు, ఎర్ర కోసు. ఆ సంత మొత్తం నా కొట్టుకు కుడి పక్కే. ఎడమ పక్క అన్నదే ఆ ఊళ్ళో లేదు.

తివసం దగ్గరపడింది. ఆ దేశంలో కూడా అవి పోయినవాళ్ళను తలుచుకునే రోజులేనట, అది మా పిల్లకు తెలియదు. సంత నిండా చేమంతుల కుండీలు దిగాయి. పసుపు, ఊదా, ఎరుపు, తలకాయంత తలకాయంత పూలు. మన పిల్ల చేమంతి చూస్తే ఆగుతుందా? ఇన్నాళ్ళూ కూరాకు ఇచ్చిన ముసలామెకు ఏదైనా ఇవ్వాలని ఒక పసుపు కుండీ కొని ఆమె ఇంటికి పట్టుకుపోయింది. తలుపు తీసిన ఆమె ముఖం మాడిపోయిందట. ఆ దేశంలో చేమంతి సమాధి మీద పెట్టే పువ్వు. ఇంటికి తీసుకుపోతే చావు తీసుకుపోయినట్టే. అందులో ఆమె మొగుడు పోయిన మనిషి.

"ఏం చేసినావే మరి?" అన్నాను నేను, గుండె పట్టుకుని.

"సారీ చెప్పినాను మా. మా దేశంలో చేమంతి దేవుడికి పెడతారు, తల్లో పెట్టుకుంటారు అన్నాను. ఆమె నన్ను చూసి, మీ ఇంట్లో ఎవురు పోయినారు అనింది."

అంతే, మా పిల్ల నాయన సంగతి, తివసం సంగతి, ఆకు సంగతి మొత్తం చెప్పేసింది. ముసలామె కాఫీ పోసిందట. కుండీ బయట పెట్టకుండా కిటికీలోనే పెట్టుకుందట. ఊరి వెనక రైలు కట్ట పక్కన మునిసిపాలిటీవాళ్ళు జనానికి తలా ఒక మడి చొప్పున భూమి ఇస్తారు, అక్కడ తనకో మడి ఉంది, ఏం కావాలన్నా కోసుకోమందట.

"ఆమె మడిలో ఏముండాయి?" అన్నాను ఆశగా.

"కోసు మా" అంది పిల్ల.

పర్వాలేదు, పారిస్ ఉంది కదా అనుకున్నాం.

తివసం ముందురోజు సాయంత్రం కొట్టులో బేరాలు జోరుగా ఉండగా ఫోను మోగింది. తక్కెడ ఒక చేత్తో పట్టుకునే ఎత్తాను. పిల్ల ముఖం వెనక రైల్వే స్టేషను. జనం లేరు.

"ట్రైన్లు లేవు మా. సమ్మె."

"ఎప్పుడు మొదలైంది?"

"ఈ పొద్దే. ఒకటి పోతుందన్నారు, అది కూడా క్యాన్సిల్ చేసేసినారు. బస్సు చూసినా, అన్నీ నిండిపోయినాయి."

"ఆ ఊళ్ళో తమిళోళ్ళ అంగడి లేదా? ఒక్కటి?"

"లేదు మా. ఆఫ్రికావాళ్ళది ఒకటి ఉండాది, పోయి చూసినా. ఈ పొద్దు మూసి ఉండాది. అరటిపండు యాడైనా దొరకతాది గానీ, కాయ లేదు. ఏం చెయ్యాల చెప్పు."

నా ముందు ఒకామె "ఏమ్మా, అర కిలో బీన్స్ ఎంతసేపు?" అని అరుస్తోంది. నా ఎడమ పక్క అరటి గెల వేలాడుతోంది. చెయ్యి చాపితే నాకు అందుతుంది. నా కూతురికి ఒక్క కాయ అందించలేను. ఆ గెలను చూస్తే ఒళ్ళు మండిపోయింది.

"ముసలామె మడికి పో" అన్నాను. "అరటికాయ లేకపోతే లేదు. గుమ్మడికాయ ఉండాదా?"

"ఉండాది. షెడ్డులో దాచిపెట్టినాది."

"గుమ్మడి నాటుదే. ఆ పులుపు కూర?"

"చలికి మాడకుండా కొంచెం మిగిలింది. ఇంకా ఏదో పొడుగ్గా, తెల్లగా ఉల్లికాడ మాదిరి ఉండాది, అది కూడా తీసుకోమనింది ఆమె మొన్న."

"ఉల్లి జాతి వొద్దే వొద్దు. పప్పు, గుమ్మడి, పులుపు కూర, వడ. చాలు." చాలదని నాకు తెలుసు. "మరి ఆకు?"

పిల్ల అప్పటికే స్టేషను బయటికి నడుస్తోంది.

"ఏదో ఒకటి చూస్తా మా" అని పెట్టేసింది.

మరునాడు పొద్దుటినుంచి ముసురు. స్నానం చేసి, తడి జుట్టుతో పొయ్యి వెలిగించాను. అరటికాయ వేపుడు, కాకరకాయ, గుమ్మడి పులుసు, పెసరపప్పు పాయసం, వడలు. రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు చెయ్యి గుర్తు మీద వేసుకుంటూ పోయాను. ఆయన పటం ముందు దీపం పెట్టాను. బావగారు, ఆయన కొడుకు కిందికి దిగారు. అబ్బాయికి అంబత్తూరులో ఉద్యోగం, పెళ్ళయినవాడు, మంచివాడు, సగం పూట సెలవు పెట్టి వచ్చాడు. తడి పంచె కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆకు పడి, కాకి ముట్టేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు.

"చిన్నమ్మా, వడ వాసన నన్ను చంపతాంది" అన్నాడు మెల్లగా.

"నోరు మూసుకో రా" అన్నారు వాళ్ళ నాయన. ఆయన కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి.

పప్పు డబ్బాకు ఫోను ఆనించి పెట్టాను. అది మోగేసరికి గడియారంలో ముళ్ళు నిటారుగా కలవడానికి వస్తున్నాయి. ఎత్తితే నలుపు. ముందు ఏమీ కనబడలేదు. తరవాత ఒక టార్చి వెలుతురు, పొగమంచు, గడ్డి మీద తెల్లగా ఏదో పేరుకుని ఉంది. పిల్ల నోట్లోంచి పొగ వస్తోంది.

"మా, మడిలో ఉండా. వొండుకుని తెచ్చినా. గిన్నెలు దుప్పటిలో చుట్టి ఉండాయి."

"ఏంది చీకటి?" అన్నారు బావగారు.

"ఈడ ఇంకా తెల్లారలేదు పెద్దనాయనా. ఇంకొంచెం సేపటికి తెల్లారతాది. తెల్లారితే గానీ కాకులు రావు."

"ఆకు యాడ?"

పిల్ల ఒక్క క్షణం ఆగింది. తరవాత టార్చి కిందికి తిప్పింది. మడి గట్టు మీద, కడిగిన రాతి పలక మీద, పెద్ద ముదురు పచ్చ ఆకు ఒకటి పరిచి ఉంది. నరాలు తేలి, అంచులు ముడతలు పడి. దాని మీద నీటి బొట్లు నిలబడి ఉన్నాయి.

"అదేం ఆకు?"

"కోసు."

బావగారు ఫోను దగ్గరకు వంగారు. తనకు సరిగ్గా వినబడలేదేమో అన్నట్టు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"కోసాకులో నా తమ్ముడికి అన్నమా?" ఆ గొంతు వీధిదాకా వినబడి ఉంటుంది. "కాయ వొద్దంటే ఏకంగా ఆకే పరిచినారే! అరటికాయ యాడ?"

"దొరకలేదు పెద్దనాయనా. ట్రైన్లు..."

"దొరకలేదు. సరి. చెప్పినా కదా నేను." లేచి నిలబడ్డారు. "పన్నెండైంది. లేరా. పటం ముందర కూర్చో. అరిటాకు పరుచు. వడ్డించు అమ్మణ్ణీ."

అబ్బాయి లేచాడు. ఆకు పరిచాడు, నీళ్ళు చల్లాడు. నా ముఖం చూడలేక ఆకునే చూస్తున్నాడు. ఫోనులో నా కూతురు టార్చి ఆకు మీదినుంచి తీయలేదు.

మా ఇంట్లో వండిన చెయ్యే వడ్డించాలి. గరిటె నా చేతిలో ఉంది. అన్నం గిన్నె నా ముందుంది. నేను పొయ్యి ముందర పీట మీద కూర్చుండిపోయాను.

"వడ్డించమంటాండా."

"ఆడ ఇంకా తెల్లారలేదు బావా."

"ఈడ తెల్లారింది గదా!"

"ఆకు పడేది ఆడ. ఆడ పొద్దు పొడవని."

"మాట ఇచ్చినావు నువ్వు."

"అది ఇచ్చింది. నేను ఇయ్యలేదు."

"ఆ గరిటె ఇటు తే."

నేను ఇవ్వలేదు. మా బావగారికి ఎదురు చెప్పడం నాకు అదే మొదలు. నా గొంతు కాయలు అరిచి అరిచి ఎప్పుడో చీలిపోయింది, మెల్లగా మాట్లాడదామన్నా రాదు. వచ్చిన గొంతుతోనే అడిగాను.

"కోసు ఏంటికి వొద్దు బావా?"

"ఏంటికంటే? పెద్దోళ్ళ నోటికి తెలీని కాయ అది. మా అమ్మ చెప్పలేదా నీకు?"

"చెప్పింది. మీ తమ్ముడి నోటికి తెలీదా కోసు?"

ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నారు.

"అమావాస్య అమావాస్యకీ మేడ మీదికి అరటికాయ ఎవురు పంపినారు? నేనే ఏరి పంపినా. లేతది చూసి పంపినా. మీరంతా తిన్నారు, వీధంతా తినింది. అమ్మినోడు తిన్నాడా? సాయంత్రానికి ఎడమ పక్క ఏం మిగిలేది ఆయనకి? కోసు మిగిలేది. గోనెలో వేసుకుని తెచ్చేవాడు. కోసు వేపుడు, కోసు పప్పు, కోసు పులుసు. ఈ ఇంటికి వొచ్చిననాటినుంచి నేను ఆయనకి వొండింది అదే బావా. మూటలు దించిన ఆ పొద్దు కూడా కోసే తిని పోయినాడు." ఊపిరి అందలేదు, అయినా చెప్పాను. "ఆయన నోటికి తెలీనిది అరటికాయ. కోసు కాదు."

బయట వాన చప్పుడు. మేడ మీదినుంచి మా తోడికోడలు "ఏందా అరుపులు?" అని ఒక కేక వేసింది.

బావగారు మెట్టు మీద కూర్చున్నారు. వెళ్ళిపోతారేమో అనుకున్నాను. వెళ్ళలేదు. గడియారం వైపు చూడలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని అక్కడే ఉన్నారు. అబ్బాయి పరిచిన ఆకు ముందు కూర్చోవాలో లేవాలో తెలియక ఒంగి నిలబడ్డాడు.

ఫోనులో చీకటి పలచబడింది. ముందు చెట్ల కొమ్మలు కనబడ్డాయి, తరవాత వరసగా కోసు బుర్రలు, వాటి వెనక రైలు కట్ట. కట్ట మీద రైలు లేదు. రబ్బరు బూట్లు వేసుకుని ఆ ముసలామె వచ్చింది. ఉన్ని టోపీ తీసి చేత్తో పట్టుకుని పక్కకు నిలబడింది. ఆమె సంకలో పసుపు చేమంతి కుండీ. దాన్ని ఆకు పక్కన పెట్టి ఏదో అడిగింది.

"ఇప్పుడు పెట్టొచ్చా అంటాంది మా."

"పెట్టు" అన్నాను.

పిల్ల చెప్పులు విప్పింది. ఆ మంచులో ఒట్టి కాళ్ళతో నిలబడి అన్నం పెట్టింది. పప్పు, గుమ్మడికూర, పులుపు కూర, వడలు. వేళ్ళు కొంకర్లు పోయి ఒక వడ కింద పడింది, వదిలేసి ఇంకొకటి పెట్టింది. చేతులు జోడించింది. లేవబోయింది.

"నీళ్ళు తిప్పలేదు."

అన్నది బావగారు. ఫోను వైపు చూడకుండా, మెట్టు మీదినుంచే అన్నారు.

"పెద్దనాయనా?"

"ఆకు చుట్టూ నీళ్ళు తిప్పల్ల. కుడి చేత్తో. అట్ల సుమ్మా ఊరికే లేసి పోకూడదు."

అది సీసాలోంచి నీళ్ళు అరచేతిలో పోసుకుని తిప్పింది. ముసలామె అది చూసి తనూ చెయ్యి చాపబోయి ఆగింది.

ఇక కాకి. ఆ దేశం కాకులు మన కాకుల్లా పిలిస్తే గోడ మీదికి వచ్చేవి కావు. పెద్దవి, మనిషిని చూస్తే దూరం. రెండు అక్కడ సాళ్ళల్లో నడుస్తున్నాయి. మనం చూస్తుంటే రావని చెప్పి ముసలామె మా పిల్లను భుజం పట్టుకుని వెనక్కి తిప్పేసింది. ఇద్దరూ షెడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. ఫోను మాత్రం ఒక కొయ్యకు ఆనించి ఆకు వైపు పెట్టారు. ఇక్కడ ముగ్గురం దాని మీదికి వంగాం. బావగారు ఎప్పుడు మెట్టు దిగి వచ్చారో తెలియదు, ఆయన ఊపిరి నా భుజానికి తగులుతోంది.

ఒక కాకి తల ఎత్తింది. ఆకు వైపు ఒక గెంతు వేసింది. ఇంకొక గెంతు. ఆగింది.

ఫోనులో బొమ్మ కూడా ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నారు బావగారు. అబ్బాయి ఫోను ఎత్తి ఊపాడు. తలుపు దగ్గరికి పట్టుకుపోయాడు. వానకు సిగ్నలు పోయింది. కాకి ఒక కాలు గాల్లో పెట్టుకుని అట్లాగే ఉంది. ఎంతసేపు ఉందో. నేను గరిటె పట్టుకునే ఉన్నాను. వెనకటి మొక్కులన్నీ మళ్ళీ మొక్కాను.

బొమ్మ కదిలేసరికి కాకులు లేవు. ఆకు బోర్లా పడి ఉంది. అన్నం సాళ్ళోకి చెదిరింది. వడ లేదు. పిల్ల ఆకు దగ్గరకు పరిగెత్తింది.

"మా, తినిపోయింది! చూసినారా? కాకే గదా?"

పిల్లి గానీ, ఎలుక గానీ, వేరే పక్షి గానీ, ఏదైనా లాక్కుని ఉండొచ్చు. వాళ్ళు వెనక్కి తిరిగి ఉన్నారు, మా బొమ్మ ఆగిపోయింది. బావగారు నిటారుగా నిలబడ్డారు.

"ఎవురూ చూడలేదే" అన్నారు. "కాకి ముట్టిందని ఎవురు చెప్పేది?"

"నేను చూసినా నాయనా."

అబ్బాయి. ఫోను ఇంకా వాడి చేతిలోనే ఉంది.

"కాకే. నల్లగా ఉండింది. మొదట అన్నం ముట్టింది, మళ్ళా వడ ఎత్తుకుపోయింది. ఆమా, ఔను, నేను చూసినా."

వాడితోపాటు మేం కూడా అదే ఫోను చూశాం. అందులో ఏం కనబడిందో, ఏం కనబడలేదో మాకు తెలుసు. ఏటా తనకు రావలసిన ఆకును వాడు ఒక్క అబద్ధంతో నా కూతురికి ఇచ్చేశాడు. వాళ్ళ నాయన వాడి ముఖంలోకి చాలాసేపు చూశారు. వాడు కళ్ళు దించలేదు. ఆకలికి వాడి కడుపు గుర్రుమంది, అది మా అందరికీ వినబడింది.

"సరి" అన్నారు బావగారు. "పిల్లని చెప్పులేసుకోమను, జ్వరం వొస్తాది. వడ్డించు అమ్మణ్ణీ."

నా వేళ్ళు గరిటె చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఎడమ చేత్తో ఒక్కొక్కటి విప్పుకోవాల్సి వచ్చింది. అబ్బాయి పరిచిన అరిటాకునే పటం ముందునుంచి జరిపి బావగారికి వేశాను. అబ్బాయికి ఇంకొకటి వేశాను. అబ్బాయి మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నాడు. బావగారు పప్పు తిన్నారు, కాకరకాయ తిన్నారు, పాయసం తిన్నారు. అరటికాయ వేపుడు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. తివసం ఆకులో ఏదీ వదలకూడదు. లోటా దగ్గరికి జరుపుకుని, ముద్ద ముద్దకూ నీళ్ళు తాగుతూ, దాన్ని తిన్నారు.